పండు ఎర్రబడేది ఎలా? సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రంగు గురించే. కారణం ఊహించడం కష్టం కాదు: మార్కెట్‌లో ఎర్రటి కాయకు పలికే ధర వేరు. అందుకని ఈ సంచికలో పేజీలన్నీ ఎరుపుకే ఇచ్చేశాం. మొదటి జవాబు కాస్త పొడుగు. మిగతా జవాబులు దాని మీదే నిలబడి ఉన్నాయి కనుక దాన్ని దాటేయకండి.

మాకు నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. బంగినపల్లి చెట్ల మధ్య నాలుగు సువర్ణరేఖ చెట్లున్నాయి. ఒకే నేల, ఒకే నీరు, ఒకే ఎరువు. సువర్ణరేఖ కాయ తొడిమ చుట్టూ ఎర్రగా మెరుస్తుంది. బంగినపల్లికి ఆ ఛాయే రాదు. మందుల దుకాణంలో ‘కలర్ మందు’ అని ఒక డబ్బా అంటగట్టారు. రెండేళ్లు కొట్టినా ఫలితం లేదు. ఇంకేదైనా మంచి మందు ఉందా? – ఒక రైతు, నూజివీడు

లేదు. మూడో ఏడు ఆ డబ్బు మిగుల్చుకోండి.

అయితే బంగినపల్లికి ఎరుపు తయారుచేయడం చేతకాదని మాత్రం అనుకోకండి. కోతలయ్యాక వానలకు చిగురు తొడిగినప్పుడు లేత ఆకును చూడండి. రాగి రంగులో ఉంటుంది. ఆ ఛాయ ఆంథోసయనిన్‌ది. సువర్ణరేఖ తొక్క మీద ఉన్నదీ, నేరేడుపండు తిన్నాక నాలుకకు అంటుకునేదీ ఆ కుటుంబపు రంగులే. మీ బంగినపల్లి ఏటా ఆకులో ఆ రంగును చేస్తోంది, కొన్నాళ్లకు ఆకు ముదరగానే మానేస్తోంది. సరంజామా అంతా చెట్టు దగ్గర ఉంది. కాయ తొక్కలో మాత్రం దాన్ని బయటికి తీయడం లేదు. ఎందుకు తీయదన్నదే అసలు ప్రశ్న.

ఆంథోసయనిన్ ఒక్క అడుగులో తయారయ్యేది కాదు. ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లంతో పని మొదలవుతుంది. అరడజనుకు పైగా ఎంజైములు వరసగా అందుకుని దాన్ని మార్చుకుంటూ పోతాయి. చివర ఒక చక్కెర అణువు తగిలించాక రంగు స్థిరపడి కణం లోపలి నీటితిత్తిలో చేరుతుంది. ఈ ఎంజైములను కూలీలనుకుంటే వాళ్లందరినీ ఒకేసారి పనిలోకి పిలిచే మేస్త్రీ ఒకడుంటాడు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘మిబ్’. ఇదీ ఒక ప్రోటీనే. ఎంజైములను తయారుచేసే జన్యువుల ముందు భాగాన్ని పట్టుకుని వాటిని పనికి లేపుతుంది. అదీ ఒంటరిగా కాదు, ఇంకో రెండు రకాల ప్రోటీన్లు తోడుండాలి. ముగ్గురూ కూడితేనే ఎరుపు. కూలీలంతా సిద్ధంగా ఉన్నా మేస్త్రీ రాకపోతే పని మొదలవదు.

ఒక చెట్టులో మిబ్ ఒక్కటే ఉండదు. చాలా ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో చోట పనిచేస్తుంది. ఆకులో పని నడిపించేదే కాయలోనూ నడిపించాలని లేదు. అందుకే చిగురు ఎర్రగా ఉన్నంత మాత్రాన పండు ఎర్రగా ఉండాలన్న రూలు లేదు. జపాన్ పరిశోధకులు ఇర్విన్ అనే ఎర్ర మామిడి తొక్కలో ఈ పని చేసే మిబ్‌ను గుర్తించారు. ఎండ తగిలిన తొక్కలో అది చురుగ్గా ఉంది, ఎండ తగలకుండా కప్పిన తొక్కలో పనిచేయలేదు. మీ సువర్ణరేఖ కాయను తిప్పి చూడండి. ఆకుల చాటున పెరిగిన చెంప ఆకుపచ్చగానో పసుపుగానో ఉంటుంది.

ఇక మందు సంగతి. పైన కొట్టే పొటాష్, బోరాన్ లాంటివి చెట్టు ఆరోగ్యానికి పనికొస్తే రావచ్చు. మేస్త్రీని పిలవడం వాటి వల్ల కాదు. రకానికి రంగు ఇచ్చే స్వభావం ఉంటే దాన్ని పైకి తేవడానికి మీరు చేయగలిగింది ఒక్కటే: వెలుగు. కోతలయ్యాక కొమ్మలు పలచన చేసి చెట్టు నడిమధ్యకు ఎండ పడనివ్వండి. నత్రజని దండిగా వేసి ఆకును దట్టం చేసుకుంటే సువర్ణరేఖ కూడా పాలిపోతుంది. బంగినపల్లిని మాత్రం ఎరుపు చేయాలని చూడకండి. దాని బంగారు పసుపు వేరే రంగు, కెరోటినాయిడ్లది. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న రకాన్ని కొన్నవాడు ఆ పసుపును చూసే కొంటాడు.

‘మియాజాకి’ మామిడి మొక్క అని చెప్పి నర్సరీలో చాలా ధర తీసుకున్నారు. మేడ మీద కుండీలో పెట్టాను. ఫోటోలో ఉన్నంత ఎర్రగా కాస్తుందా? – ఒక గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్

అమ్మా, మియాజాకి అనేది మామిడి రకం పేరు కాదు, జపాన్‌లో ఒక జిల్లా పేరు. అక్కడ పండించేది ఎక్కువగా ఇర్విన్, పైన చెప్పిన రకమే. దాని పుట్టిల్లు అమెరికాలోని ఫ్లోరిడా. ఇంకా వెనక్కి వెళితే కథ మన వైపే తిరుగుతుంది. 1889లో మన దేశం నుంచి ముల్గోబా అంట్లు ఫ్లోరిడా చేరాయి. ముల్గోబా టెంక నాటితే హేడెన్ పుట్టింది. హేడెన్ టెంక నుంచి లిపెన్స్, లిపెన్స్ టెంక నుంచి ఇర్విన్. ముల్గోబా అంత ఎర్రటిదేమీ కాదు. అక్కడి నాటు మామిడి పుప్పొడి కలిసి హేడెన్‌కు ఆ ఎర్రటి బుగ్గలు వచ్చాయి. ఫ్లోరిడా వాళ్లు తరం తర్వాత తరం ఆ రంగునే ఏరుకుంటూ పోయారు.

మియాజాకిలో చెట్లు ప్లాస్టిక్ ఇళ్లలో ఉంటాయి. ఒక్కో కాయకూ వల తొడుగుతారు, పండి తనంతట తాను తొడిమ వదిలి ఆ వలలో పడేదాకా కోయరు. 350 గ్రాములు దాటి, తీపి 15 డిగ్రీల బ్రిక్స్ దాటి, ఎరుపు నిండుగా ఉన్న వాటికే ‘సూర్యుడి గుడ్డు’ అని పేరు పెట్టి వేలం వేస్తారు. వార్తల్లో చదివే లక్షల ధరలు ఆ ఏడాది మొదటి వేలానికి వచ్చే పరువు ధరలు.

మీ మొక్క నిజంగా ఇర్విన్ అంటే మేడ మీద ఎండ ధారాళంగా ఉంటుంది గనుక ఎరుపు వస్తుంది. ఒక చెంపకు ఎక్కువ, ఇంకో చెంపకు తక్కువ వస్తుంది. నున్నటి సమమైన ఎరుపు కావాలంటే కాయను ఆకుల పైకి తీసి కట్టి, కింద తెల్లటి షీటు పరిచి వెలుగు వెనక్కి కొట్టేలా చూసుకోవాలి. నిజంగా ఇర్విన్ కాకపోతే? అది నాలుగేళ్ల తర్వాత తెలుస్తుంది. అప్పటికి నర్సరీ వాడు ఆ ధర గుర్తుంచుకుంటాడని నేననుకోను.

సార్, మా కెరమెరి దిక్కు యాపిల్ చెట్లు పెట్టినం. హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 రకం. కాయలైతే మంచిగనే పట్టినయ్. కని సిమ్లా యాపిల్ లెక్క ఎరుపు ఎక్కుతలేదు. ఏం తప్పు చేసినం? – ఒక రైతు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా

తప్పేం చేయలేదు. తెలంగాణలో యాపిల్ కాయించడమే ఒక విడ్డూరం. రంగు తక్కువైందని మనసు చిన్నబుచ్చుకోవద్దు.

పండ్ల చెట్లలో ఎరుపు మేస్త్రీ గురించి మనకు బాగా తెలిసింది యాపిల్ వల్లనే. 2006లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మిబ్-1 అన్నారు, 2007లో న్యూజిలాండ్ వాళ్లు మిబ్-10 అన్నారు, అదే ఏడు జపాన్ వాళ్లు మిబ్-ఎ అన్నారు. తర్వాత చూస్తే ముగ్గురూ పట్టుకున్నది యాపిల్ తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒకే చోటును. ఎరుపు, పసుపు యాపిళ్ల మధ్య పెద్ద తేడా అక్కడే ఉంది.

ఈ మేస్త్రీకి రెండు షరతులున్నాయి. మొదటిది వెలుగు. చీకట్లో కాప్-1 అనే ఇంకో ప్రోటీన్ మిబ్‌ను పట్టుకుని, నాశనం చేయాల్సిందని ముద్ర వేసి, కణంలోని విరగ్గొట్టే యంత్రానికి అప్పజెబుతుంది. ఎండ పడితే కాప్-1 తప్పుకుంటుంది, మిబ్ బతికి పనిచేస్తుంది. ఈ లెక్క కణం కణానికీ విడివిడిగా జరుగుతుంది. జపాన్‌లోని ఆవొమొరి రైతులు దీన్ని వాడుకుంటారు. కాయ పెరిగేటప్పుడు కాగితపు సంచి తొడుగుతారు, కోతకు కొన్ని వారాల ముందు తీసేస్తారు. వెలుగుకు ఆకలిగొని ఉన్న తొక్క కొద్ది రోజుల్లోనే ఎర్రబడుతుంది. సంచి తీసినప్పుడు కాయ మీద శుభాకాంక్షల అక్షరాల స్టిక్కర్ అంటిస్తే, ఎరుపు తొక్క మీద పసుపు అక్షరాలు అచ్చుపడతాయి. రంగు అద్దినట్టు ఉంటుంది గానీ అద్దింది కాదు. స్టిక్కర్ కింది కణాలకు వెలుగు అందలేదు, అంతే.

రెండో షరతు చలి. మీ తంటా ఇక్కడ. న్యూజిలాండ్ బృందం కాయలు చెట్టు మీద ఉండగానే వేడి తగిలించి చూసింది. వేడికి మిబ్-10 జన్యువు పని తగ్గిపోయింది, దానితో పాటే రంగూ తగ్గింది. సిమ్లాలో కాయ ఆగస్టు నుంచి పండుతుంది, రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. మీ దగ్గర తక్కువ చలితో పూసే ఈ రకం ఎండాకాలంలోనే పక్వానికి వస్తుంది. ఆ వేడికి మేస్త్రీ పనిలోకి రాడు. చెట్టుకు గాలీ వెలుగూ ఆడేటట్టు కత్తిరించండి. కాయ చుట్టూ ఉన్న రెండు మూడు ఆకులు తెంపండి. పొద్దుటి ఎండ పడే వైపు కొద్దిగా ఎరుపు చార తెచ్చుకోవచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకోకండి. ‘తాజాగా ఇక్కడే కోసింది’ అన్న మాట మీద అమ్ముకోండి. కోల్డ్ స్టోరేజీలో నెలలు గడిపి వచ్చే యాపిల్‌కు లేనిది అదే కదా.

మాకు అనంతపురం జిల్లాలో చీనీ తోట ఉంది. మా అబ్బాయి ఇటలీ నుంచి ఫోటోలు పంపినాడు. చీనీకాయ కోస్తే లోపల రక్తం మాదిరి ఎరుపు! ఆ అంట్లు తెప్పించి పెడితే ఇక్కడ కాస్తుందా? మా సాత్‌గుడిలో ఆ ఎరుపు ఎందుకు లేదు? – ఒక రైతు, అనంతపురం జిల్లా

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అది నాకు ఇష్టమైన కథ.

మీ సాత్‌గుడి, సిసిలీ దీవిలోని ఆ రక్తనారింజ దగ్గరి చుట్టాలు. లోకంలో ఉన్న తీపి నారింజ రకాలన్నీ ఒకే పాత సంకర చెట్టు నుంచి, కొమ్మల్లో వచ్చిన చిన్నచిన్న మార్పులతో విడివడినవి. కాబట్టి సిసిలీ చెట్టులో ఉన్న ఎరుపు మేస్త్రీ మీ చెట్టులోనూ ఉంది. దాన్ని ‘రూబీ’ అంటారు. సాత్‌గుడిలో అది నిద్రలో ఉంది. సిసిలీ నారింజలో ఎవరు లేపారు?

ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో క్యాథీ మార్టిన్, యుజెనియో బుటెల్లి బృందం 2012లో ఆ జవాబు చెప్పింది. చెట్ల డీఎన్ఏలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి తమ నకలు పంపుకునే ముక్కలుంటాయి, దూకే జన్యువులు. వాటిని మొక్కజొన్న గింజల రంగుల్లో మొదట పట్టుకున్నది బార్బరా మెక్‌క్లింటాక్. 1951లో ఆమె దాన్ని సభలో చెబితే వినేవాళ్లు తక్కువ. 1983లో నోబెల్ వచ్చింది. అలాంటి ముక్క ఒకటి ఎప్పుడో మధ్యధరా ప్రాంతంలో ఒక నారింజ కొమ్మలో రూబీకి సరిగ్గా ముందు వచ్చి పడింది. పడ్డ ముక్కకు దాని సొంత నియంత్రణ ఉంది, అది చలి తగిలితే లేస్తుంది. అది లేస్తే పక్కనే ఉన్న రూబీ కూడా లేస్తుంది. మోరో, టరోక్కో, సాంగ్వినెల్లో, అక్కడి రకాలన్నీ ఆ ఒక్క ప్రమాదానికి వారసులే. ఆశ్చర్యం ఇంకొకటి: చైనాలో జింగ్‌షియాన్ అనే రక్తనారింజ ఉంది. దానికి సిసిలీతో సంబంధమే లేదు. కానీ అక్కడా అలాంటి దూకే ముక్కే, రూబీ దగ్గరే వచ్చి పడింది. రెండు దేశాల్లో రెండు సార్లు జరిగింది.

యాపిల్లోనూ ఇదే తంతు. 2019లో చైనా శాస్త్రజ్ఞులు ఎర్ర యాపిల్ జన్యు సంపుటిని చదివి చూస్తే, ఎరుపు రకాల్లో మిబ్-1కి ముందు ఒక దూకే ముక్క కూర్చుని ఉంది. పసుపు గోల్డెన్ డెలిషస్‌లో లేదు. జన్యువులను పుట్టించేది దేవుడో ప్రకృతో గానీ, పండ్లకు రంగులు పంచింది మాత్రం ఈ దారి తప్పిన ముక్కలే అనిపిస్తుంది నాకు.

ఇక మీ మొదటి ప్రశ్న. రూబీ లేవాలంటే చలి కావాలి. సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం అడుగున పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. ఫ్లోరిడా, బ్రెజిల్ లాంటి వెచ్చటి చోట్ల అదే అంటు పెడితే తొక్క, గుజ్జు మామూలు నారింజ మాదిరే వస్తాయి. అనంతపురంలో జనవరి రాత్రి కూడా ఆ చలికి దరిదాపుల్లో ఉండదు. పంజాబ్‌లోనూ, రాజస్థాన్ ఉత్తర జిల్లాల్లోనూ బ్లడ్ రెడ్ అనే రకం వేస్తారు, అక్కడి చలికి కొంత రంగు వస్తుంది. మీ దగ్గర కాయ కాస్తుంది, తీపిగానే ఉంటుంది. పేరులో ఉన్న రక్తం మాత్రం రాదు. కోసిన కాయను 8-10 డిగ్రీల చలిలో కొన్ని వారాలు నిల్వ ఉంచితే లోపల రంగు ఎక్కుతుందన్నది నిజమే, వెచ్చటి దేశాల్లో ఆ పని చేస్తారు. ఆ కరెంటు బిల్లు వేసుకున్నాక చీనీకి మిగిలేది ఎంతో మీరే లెక్క చూసుకోండి. రెండు అంట్లు సరదాకు పెట్టండి, ఎకరం వద్దు.

మా స్కూల్లో పిల్లలు అడిగారు: ఎర్ర జామ, ఎర్ర బొప్పాయిలో ఉన్నదీ యాపిల్‌లో ఉన్న రంగేనా? ఇంట్లో తేల్చుకునే దారి ఉందా? – ఒక ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

కాదు. జామ, బొప్పాయి, పుచ్చకాయ ఎరుపు లైకోపీన్. టమాటాలో ఉండేదే. ఆంథోసయనిన్ నీళ్లలో కరుగుతుంది, లైకోపీన్ నూనెలో కరుగుతుంది. పిల్లలకు పరీక్ష: నేరేడుపండు రసాన్ని రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ఎరుపు ఇంకా విచ్చుకుంటుంది. ఇంకోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే నీలం వైపు, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. బొప్పాయి గుజ్జుకు రెండూ వేసి చూడమనండి, రంగు మారదు.

బొప్పాయిలో జన్యువుల కథ తలకిందులు. లైకోపీన్ తయారయ్యాక దాన్ని పసుపు రంగుగా మార్చే ఒక ఎంజైము ఉంటుంది. పసుపు బొప్పాయిలో అది సక్రమంగా పనిచేస్తుంది. ఎర్ర బొప్పాయిలో ఆ జన్యువు మధ్యలో రెండు అక్షరాలు అదనంగా దూరి దాన్ని చెడగొట్టాయి. పని అక్కడే ఆగి లైకోపీన్ పేరుకుపోతుంది. మనం ఇష్టంగా తినే ఆ ఎరుపు, ఒక చెడిపోయిన జన్యువు ఫలితం.

దీనికి తోడుగానే: రెడ్ లేడీ బొప్పాయి గింజలు దాచి మళ్లీ విత్తితే కాయ ఎర్రగా వస్తుందా? – ఒక రైతు, రైల్వే కోడూరు

రంగు వస్తుంది. ఎరుపు రావాలంటే తల్లి తండ్రి ఇచ్చిన రెండు ప్రతులూ చెడిపోయి ఉండాలి. ఎర్రగా ఉన్న కాయలో రెండూ అలాంటివే. పక్కతోట పసుపు బొప్పాయి పుప్పొడి పడకుండా చూసుకుంటే పిల్లలూ ఎరుపే. పోయేది మిగతావన్నీ. హైబ్రిడ్ బలం తగ్గుతుంది, కాయ సైజు చెట్టుకొకటిగా ఉంటుంది. ద్విలింగ చెట్టు కాయ నుంచి తీసిన గింజల్లో మూడింట ఒకటి ఆడచెట్లు వస్తాయి, వాటికి మీకు కావలసిన కోల కాయ రాదు. రంగు ఒక్కదాని కోసం ఈ బేరం గిట్టదు.

మా తెల్ల ద్రాక్ష తోటలో ఒక తీగకు ఒక కొమ్మ మీద గుత్తులన్నీ ఎర్రగా వచ్చాయి. తెగులా? కొట్టేయమంటారా? – ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

దయచేసి కొట్టేయకండి! ఇవాళే ఆ కొమ్మకు గుడ్డముక్క కట్టి గుర్తు పెట్టండి.

ద్రాక్ష సహజ స్థితి నలుపు. తెల్ల ద్రాక్ష అంటే మేస్త్రీ కాళ్లు కట్టేసిన ద్రాక్ష. 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇది చూపించారు: మిబ్-ఎ1 అనే జన్యువు ముందు ఒక దూకే ముక్క వచ్చి పడి దాని నోరు నొక్కేసింది. నారింజలో అలాంటి ముక్కే మేస్త్రీని లేపింది, ద్రాక్షలో పడుకోబెట్టింది. ఎక్కడ పడింది, ఎటు తిరిగి పడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇటాలియా అనే తెల్ల రకంలో బ్రెజిల్‌లో ఒక తీగకు ఇలాగే ఎర్ర గుత్తులు వచ్చాయి. అదే రూబీ ఒకుయామా రకమైంది. పరీక్షిస్తే, ఆ ముక్కలో చాలా భాగం ఊడిపోయి చివరి తుంపు మాత్రమే మిగిలింది. కట్లు సడలగానే రంగు తిరిగొచ్చింది.

మీ కొమ్మలో జరిగింది అదే అని ఇక్కడ కూర్చుని చెప్పలేను. వచ్చే కాపులోనూ ఆ కొమ్మకే ఎరుపు వస్తే అది నిజమైన మొగ్గ మార్పు. అప్పుడు కత్తిరింపు కొమ్మలతో పెంచండి, గింజతో కాదు. మార్పు తొక్క పొరలో మాత్రమే ఉండి గింజకు చేరకపోవచ్చు. పుణె దగ్గర మంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది, నమూనా అక్కడ చూపించండి. 2001 నాటి వంగడాల రక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతు కూడా తన పేరున రకం రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఈ సంగతి కొనడానికి వచ్చే నర్సరీ వాళ్లు మీకు చెప్పరు.

ఒక్క హెచ్చరిక. రంగు చూసి మురిసిపోయి రుచి చూడటం మరవకండి. అమెరికాలో రెడ్ డెలిషస్ యాపిల్‌కు అదే జరిగింది. అయోవా రాష్ట్రంలో ఒక రైతు తోటలో తనంతట తాను మొలిచినప్పుడు దానికి చారల ఎరుపు ఉండేది, తీయగా ఉండేది. తర్వాత దశాబ్దాల పాటు మరింత ఎర్రగా వచ్చిన కొమ్మనల్లా ఏరి ఏరి అంట్లు కట్టారు. కాయ ముదురెరుపైంది, పచ్చిగా ఉండగానే పండినట్టు కనిపించసాగింది, తినేవాళ్లకు పిండిగా మిగిలింది. 2018 నాటికి, అమెరికాలో ఎక్కువగా పండే యాపిల్‌గా దానికున్న మొదటి స్థానం గాలా అనే రకానికి పోయింది.

నేను ఉద్యాన డిగ్రీ చదువుతున్నాను. జన్యువులను సవరించి బంగినపల్లికి ఎరుపు తొక్క తేలేమా? – ఒక విద్యార్థి, వెంకటరామన్నగూడెం

కాగితం మీద తేవచ్చు. న్యూజిలాండ్‌లో మిబ్-10 జన్యువును బలంగా పనిచేసేలా యాపిల్లోకి ఎక్కిస్తే మొక్క అంతా ఎర్రబడింది, కాయలో గుజ్జు సహా. ప్రకృతిలోనూ అలాంటిది ఉంది. తియాన్‌షాన్ కొండల్లోని ఒక అడవి యాపిల్‌లో మిబ్-10 ముందు 23 అక్షరాల ముక్క ఒకటి ఆరుసార్లు పక్కపక్కనే ఉంది. మామూలు యాపిల్‌లో ఒక్కసారే. మిబ్ ఆ ముక్కలను పట్టుకుని తన జన్యువును తానే లేపుకుంటుంది, అలా ఇంకా మిబ్, ఇంకా రంగు. ఆకు, పువ్వు, గుజ్జు, అన్నీ ఎరుపే. మేస్త్రీ తన్ను తానే పిలుచుకుంటున్నాడన్నమాట.

కానీ మామిడి దగ్గరకొస్తే మొదటి అడ్డంకి జన్యువు కాదు, కణం నుంచి మొక్కను తీయడం. బంగినపల్లి లాంటి ఏకపిండ రకాల్లో అది ఇంకా మొండికేస్తోంది. చట్టం మాట చూస్తే, బయటి జన్యువు లేకుండా చిన్న సవరణ మాత్రమే చేసిన మొక్కలకు 2022లో కేంద్ర పర్యావరణ శాఖ కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. కొత్త జన్యువును ఎక్కించిన వాటికి ఆ మినహాయింపు లేదు.

మీకు నా సలహా ఒకటే: ముందు సంకరం చేసే బల్ల దగ్గరికి వెళ్లండి. లక్నోలోని ఉద్యాన పరిశోధన కేంద్రం ఆమ్రపాలిని జనార్దన్ పసంద్‌తో కలిపి అంబికను, వనరాజ్‌తో కలిపి అరుణికను తెచ్చింది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఆమ్రపాలికి సెన్సేషన్ కలిపి పూసా అరుణిమను తెచ్చింది. మూడింటికీ ఎరుపు బుగ్గలున్నాయి. ఇవి చేసిన రోజుల్లో టెంక నాటి కాయ రంగు చూడటానికి ఏళ్ల తరబడి కాపు కాయాలి. ఇప్పుడు ఎరుపుకు కారణమైన డీఎన్ఏ గుర్తు తెలిస్తే నాలుగాకుల మొక్క దశలోనే ఆకు ముక్క తీసి పరీక్షించి, పనికిరానివాటిని తీసేయవచ్చు. యాపిల్లో ఈ పని ఇప్పటికే నడుస్తోంది. మామిడిలో మన రకాల మీద చేయాల్సింది చాలా ఉంది. ఎమ్మెస్సీకి అంశం వెతుక్కుంటుంటే ఇది తీసుకోండి.

దానిమ్మ: మా భగవా తోటలో ఎండాకాలం కోతకు గింజ పాలిపోయి వస్తోంది, చలికాలం కోతకు ముదురెరుపు. ఎరువు లోపమా? – ఒక రైతు, కళ్యాణదుర్గం

ఎరువు కాదు, వేడి. గింజ రసం పట్టే రోజుల్లో వేడి ఎంత ఎక్కువైతే ఆంథోసయనిన్ అంత తగ్గుతుంది. ఇజ్రాయెల్‌లో దీన్ని కొలిచి చూపించారు. రంగే మీ మార్కెట్ అయితే మృగ్ బహార్ (తొలకరి పూత) పట్టండి, కాయ డిసెంబరు, జనవరి చలిలో పండుతుంది. గింజ పూర్తిగా తెల్లగా ఉండే దానిమ్మలు వేరు. అక్కడ మేస్త్రీది తప్పు కాదు, కూలీల్లో ఒకడే లేడు. రంగుకు ముందు మెట్టున ఉండే ఎంజైము జన్యువులో ముక్క దూరి దాన్ని పాడుచేసిందని 2015లో తేలింది. అలాంటి చెట్టుకు ఏ బహార్ పట్టినా ఎరుపు రాదు.

దానిమ్మకు, పుచ్చకాయకు సూదితో ఎర్రరంగు ఎక్కిస్తున్నారని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. నిజమేనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

దానిమ్మలో ఒక్కో గింజా విడి తిత్తి, వాటి మధ్య పొరలు. సూదితో ఎక్కించిన రంగు గుచ్చిన చోటే మరకగా నిలుస్తుంది గానీ వందల గింజల్లోకి సమంగా పోదు. గుచ్చిన కాయ రెండు మూడు రోజుల్లో కుళ్లు పడుతుంది కూడా. అనుమానంగా ఉంటే గింజలను చల్లటి నీళ్లలో వేసి చూడండి. తిత్తి చిట్లని గింజ నీళ్లకు రంగు వదలదు. మామిడిని కార్బైడ్‌తో మగ్గబెట్టడం మాత్రం నిజంగా జరుగుతోంది, అది నిషిద్ధం. కార్బైడ్ నుంచి వచ్చే వాయువు పచ్చదనాన్ని విరగ్గొట్టి పసుపు తెస్తుంది, ఎరుపు తేలేదు. కాయంతా ఒకే పసుపుగా ఉండి, తొడిమ దగ్గర వాసన లేకపోతే కొనకండి.